తిరునాళ్ళ జనం, బందోబస్తు

పళ్ళికొండ పేరు వినగానే కొత్తగా వచ్చిన మన చుట్టాలు "ఆ ఊరు ఏ కొండ మీద ఉన్నది?" అని అడుగుతారు. అక్కడ కొండ ప్రసక్తి లేదు. తమిళంలో పళ్ళి అంటే పడక. పళ్ళికొండ అంటే పడక మీద పవళించినవాడు. పాలారు ఒడ్డున ఉత్తర రంగనాథస్వామి పవళించి ఉన్నాడు గనుక ఊరికి ఆ పేరు వచ్చింది. బ్రహ్మదేవుడు కంచిలో యాగం చేస్తూ ఉంటే సరస్వతీదేవి అలిగి, నదీరూపం ధరించి, దానిని ముంచివేయడానికి ఉరికివచ్చిందట. ఆ వెల్లువకు అడ్డంగా స్వామి మొదట పళ్ళికొండలో, తరువాత తిరుప్పార్కడలులో, చివరకు కంచిలో పవళించినాడని స్థలపురాణం. సాక్షాత్తు భగవంతుడు కూడ వెల్లువను ఒక్క కట్టతో ఆపలేదన్నమాట. మూడుచోట్ల అడ్డవలసి వచ్చింది.

జనప్రవాహం సంగతి కూడ ఇంతే. గుడివాకిట ఒక్క గేటు వేసి, ఒక్క తాడు కట్టి, దానివద్ద పదిమంది పోలీసులను నిలిపితే జనం ఆగుతుందని అనుకొనేవారు ఇంకా ఉన్నారు. అలా అనుకొన్నచోటనే ప్రాణాలు పోయినవి. జనం బయలుదేరకముందు ఒక కట్టడి, వచ్చే దారిలో ఒక కట్టడి, చేరినచోట ఒక కట్టడి ఉండవలె. వీనికి ఉన్న మనుషులను, వస్తువులను ఎక్కడ ఎంత పెట్టవలెనో తెలియడమే బందోబస్తు. పారశీకంనుండి మనకు వచ్చిన ఈ మాటకు కట్టడము, బిగించడము అని అర్థం. మన వాడుకలో అది ఖాకీ దుస్తుల వరుసగా కుదించుకొని పోయింది.

2025 ఒక్క సంవత్సరంలో జరిగినవి గుర్తు చేసుకొందాము. జనవరి 8 న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కోసం వచ్చినవారిలో ఆరుగురు. ఏప్రిల్ 30 న సింహాచలంలో చందనోత్సవం నాడు వానకు గోడ కూలి, క్యూలో నిలిచినవారు ఏడుగురు. జూన్ 4 న బెంగుళూరు చిన్నస్వామి స్టేడియం బయట క్రికెట్టు విజయోత్సవంలో 11 మంది. సెప్టెంబరు 27 న కరూరులో రాజకీయ సభ వద్ద 41 మంది. నవంబరు 1 న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఏకాదశి దర్శనానికి వచ్చినవారు 9 మంది. ఇవన్నీ మన బంధువులు పోయివచ్చే ఊళ్ళే. ఇంకా దగ్గరికి వస్తే, పళ్ళికొండనుండి ఇదే రహదారిమీద పడమరగా పోతే వచ్చే వాణియంబాడిలో 2023 ఫిబ్రవరి 4 న ఉచిత చీరల టోకెన్ల కోసం వచ్చిన వృద్ధస్త్రీలు నలుగురు తొక్కిసలాటలో పోయినారు. ఒక చీర వెల ఎంత, చదువరులే చెప్పవలె.

ఇటువంటి వార్త పత్రికలో చదివినప్పుడల్లా మన ఇళ్ళలో పెద్దల నోట ఒక మాట వినబడుతుంది. "జనానికి బుద్ధి లేదు, ఒకరినొకరు తొక్కుకొని చచ్చినారు" అని. మేము ఈ మాటను ఒప్పుకోము. ఇటువంటి సంఘటనలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు చెప్పేది వేరు. చనిపోయినవారిలో చాలామంది కాళ్ళకింద పడి నలిగినవారు కారు. నిలుచున్నవారు నిలుచున్నట్టే, నాలుగు ప్రక్కలనుండి పడే ఒత్తిడికి రొమ్ము విప్పి ఊపిరి తీసుకోలేక పోయినవారు. వారిని నెట్టినది ప్రక్కవాడు కూడ కాడు. ఎక్కడో యాభై అడుగుల వెనుక ఒకడు ఒక అడుగు ముందుకు వేస్తాడు. వాని ముందరివాడు ఇంకొక అడుగు. ఆ అడుగులన్నీ కూడి ముందువరుసకు చేరేసరికి ఇనుపకమ్మీలను వంచేటంత బలం అవుతుంది. వెనుకవానికి ముందు ఏమి జరుగుతున్నదో తెలియదు. ముందువాని కేక వెనుకకు వినబడదు.

జాన్ ఫ్రూయిన్ అనే అమెరికా ఇంజనీరు ఈ విషయంలో చాలకాలం కృషి చేసినాడు. చదరపు మీటరుకు ఏడుగురు చేరేసరికి జనం మనుషులుగా ఉండడం మాని ద్రవంవలె ప్రవర్తిస్తుందని ఆయన 1993 నాటి వ్యాసంలో వ్రాసినాడు. అలలు పుడతవి. అల ఎటు పోతే మనిషి అటు పోవలసిందే, కాలు నేలకు ఆనదు. చదరపు మీటరుకు ఇద్దరు ఉంటే హాయిగా నడవవచ్చు. నలుగురైతే మెల్లగా కదలవచ్చు. అయిదుగురు దాటితే బందోబస్తువారికి గుండె దడ పుట్టవలె.

ఒక చిన్న లెక్క చూడండి. ఆరు మీటర్ల వెడల్పు గల వీధిలో వంద మీటర్ల పొడవు తీసుకొంటే ఆరువందల చదరపు మీటర్లు. అందులో 2,400 మంది ఉంటే మీటరుకు నలుగురు. ఇబ్బందే గాని ప్రమాదం కాదు. ఇప్పుడు తిరునాళ్ళ పేరుతో రెండు ప్రక్కలా అంగళ్ళవాళ్ళు మీటరు మీటరు ముందుకు జరిగి బొరుగులు, గాజులు, బొమ్మలు పరిచినారనుకొనండి. మిగిలింది నాలుగువందల మీటర్లు. అదే జనం, అదే వీధి, మీటరుకు ఆరుగురు అయినారు. ఒక్క మనిషి కూడ ఎక్కువ రాలేదు. పొద్దున తొమ్మిదింటికి మునిసిపాలిటీ జవాను ఒకడు వచ్చి ఆ అంగళ్ళను వెనుకకు జరిపితే చాలు. సాయంత్రం వందమంది పోలీసులు వచ్చినా చేయలేని పని అది.

వాకిళ్ళకూ ఇటువంటి లెక్క ఉన్నది. ఇంగ్లండులో క్రీడామైదానాల కోసం ఏర్పరచిన నియమాలలో, సమనేలమీద మీటరు వెడల్పు దారిలో నిమిషానికి 82 మంది దాటగలరని అంచనా. అంటే మూడు మీటర్ల గుడివాకిట నిమిషానికి 246 మంది, గంటకు పదిహేను వేలకు కొంచెం తక్కువ. లక్షమంది రావలెనంటే ఆరున్నర గంటల పైచిలుకు. అదీ తడబడకుండా నడిచే జనం లెక్క. చంకలో బిడ్డ, చేతిలో కొబ్బరికాయ, వెనుక నడవలేని అత్తగారు ఉన్న మన జనానికి ఇంకా ఎక్కువ పడుతుంది. రాత్రి ఎనిమిదింటికల్లా అందరూ చూచివెళ్ళిపోతారని అనుకొనే కమిటీవారు పలకా బలపమూ తీసుకొని ఈ గుణకారం ఒక్కసారి చేసిచూస్తే మంచిది.

ఇక గుడియాత్తం గంగమ్మ సిరసు పండుగకు వస్తాము. మన కుటుంబాలలో దీనిని చూడనివారు అరుదు. తమిళ వైకాసి నెల మొదటి తేదీన, అంటే మే 14 గాని 15 గాని, ఈ పండుగ జరుగుతుంది. రేణుకాదేవి కథ మనకు తెలిసిందే. పరశురాముడు తండ్రి ఆజ్ఞచేత తల్లి తల నరకడం, మళ్ళీ బ్రతికించేటప్పుడు తల ఒకరిది, మొండెం ఒకరిది కావడం. ఆ కథను ఏటేటా ఊరు ఊరంతా నడిపించి చూపిస్తుంది. తరణంపేట ముత్యాలమ్మ గుడినుండి అమ్మవారి సిరసును ఊరేగింపుగా తెచ్చి, కౌండిన్య నది ఒడ్డున గోపాలపురంలోని గంగమ్మ గుడిలో ఉన్న దేహానికి అమరుస్తారు. పగలంతా దర్శనం. రాత్రికి సిరసును తిరిగి తీసుకొనిపోతారు. దారిపొడుగునా పూలమాలలు, పులివేషాలు, కర్రసాము, బాణాసంచా. లక్షల జనం. తమిళనాడు జనం మాత్రమే కాదు, చిత్తూరు, పలమనేరు, కుప్పం దిక్కులనుంచీ, కన్నడదేశంనుంచీ వస్తారు. 1911 లో చిత్తూరు జిల్లా వేరుపడేదాకా చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. జిల్లాలు వేరైనా గంగమ్మ దగ్గర ఆ సరిహద్దు ఎవ్వరికీ గుర్తుండదు.

బందోబస్తు దృష్టితో చూస్తే ఈ పండుగలో చిక్కులు చాలా ఉన్నవి. స్టేడియంలో జనం కూర్చుంటుంది. ఆట మైదానంలో ఆడుతుంది. ఇక్కడ చూడవలసిన వస్తువే నడుస్తుంది. సిరసు ఎక్కడ ఉంటే జనపు బరువు అక్కడ. పొద్దున ఒక వీధిలో ఉన్న ప్రమాదం మధ్యాహ్నానికి ఇంకొక వీధికి మారుతుంది. కాబట్టి ప్రొద్దుటే ఒకచోట నిలిపిన కాపలాను సాయంత్రందాకా అక్కడే నిలిపి ఉంచితే సగంమంది ఖాళీ వీధికి కాపలా కాస్తూ ఉంటారు. సిరసుతోపాటు నడిచే దళం ఒకటి, దానికంటె ఒక వీధి ముందు పోయి దారి ఖాళీ చేయించే దళం ఒకటి, వెనుకనుండి జనం ఉరకకుండా ఆపే దళం ఒకటి ఉండవలె. ఈ మూడింటిలో ముందుపోయే దళమే ముఖ్యమని మా అభిప్రాయం. అందరికంటె తక్కువ కనబడేదీ, ఎవ్వరూ ఫోటో తీయనిదీ అదే.

రెండవది కొబ్బరికాయలు. అమ్మవారి ముందు సూరకాయలు కొట్టడం మ్రొక్కు. కాయలు గంపలకొద్దీ పగులుతవి. నీళ్ళు వీధి అంతా పారుతవి. చిప్పలు కాళ్ళకింద పడతవి. దీనిని తేలికగా తీసుకోరాదు. మహారాష్ట్రంలో సతారా జిల్లా వాయి దగ్గర మాంఢరదేవి కొండమీద 2005 జనవరి 25 న జరిగిన ఘోరం చాలామంది మరచిపోయినారు. అక్కడ కొట్టిన కొబ్బరికాయల నీళ్ళతో మెట్లు నునుపెక్కి, ఎక్కేవారు జారి, ఒకరిమీద ఒకరు పడి, దగ్గరి అంగళ్ళకు నిప్పు కూడ అంటుకొని, దాదాపు మూడువందలమంది పోయినారు. కొబ్బరినీళ్ళు! ఇంతటి పవిత్రమైన వస్తువు అంత పని చేస్తుందని ఎవ్వరనుకొంటారు? మ్రొక్కు మానుకొనమని మేము అనము. కాయ కొట్టడానికి అక్కడక్కడ ఒక ప్రక్కగా బండలు ఏర్పాటు చేసి, నాలుగు బండ్ల ఇసుక, చిప్పలు ఏరి తీయడానికి పదిపదిహేనుమంది మనుషులు ఉంటే సరిపోతుంది. ఇసుక బందోబస్తు సామగ్రిలోనిదని ఎవ్వరికీ తోచదు గాని, ఈ పండుగకు లాఠీకంటె ఇసుకే ఎక్కువ పనికివస్తుంది.

మూడవది ఎండ. వైకాసి మొదటి తేదీ సరిగ్గా అగ్నినక్షత్రం నడిమధ్యన పడుతుంది. రాయవేలూరు ఎండ సంగతి మనకు ఒకరు చెప్పవలసిన పని లేదు. మద్రాసు మెరీనాలో 2024 అక్టోబరు 6 న విమాన ప్రదర్శన చూడబోయినవారిలో అయిదుగురు చనిపోయినారు. అది అక్టోబరు, ఇది మే. అక్కడ సముద్రపు గాలి ఉన్నది, ఇక్కడ ఎండిన ఏటి ఇసుక. దాహంతో సొమ్మసిల్లినవాడు నిలుచున్నచోటనే కూలుతాడు. వానిమీద ఇంకొకడు తట్టుకొంటాడు. తొక్కిసలాటకు అదే మొదలు కావచ్చు. చలివేంద్రాలు పెట్టేవారు సాధారణంగా నాలుగుదారులు కలిసేచోట పెడతారు, పేరు కనబడుతుందని. అది తప్పు. నీళ్ళకోసం జనం ఆగితే కూడలి మూసుకొనిపోతుంది. కూడలికి వంద అడుగుల ఇవతల, సందు మొగలో పెట్టవలె. మజ్జిగ ఇచ్చినా అంతే.

మనుషులు ఎందరున్నారన్నదానికంటె ఎక్కడ ఉన్నారన్నది ముఖ్యమని చెప్పడానికి ఇంగ్లండులోని హిల్స్‌బరో కథకంటె మంచి ఉదాహరణ లేదు. 1989 ఏప్రిల్ 15 న షెఫీల్డు నగరంలో ఫుట్‌బాల్ ఆటకు వచ్చినవారు గేటు బయట కిక్కిరిసిపోయినారు. అక్కడి ఒత్తిడి తగ్గించడానికి పోలీసులు ఒక పెద్ద గేటు తెరిచినారు. లోపల ఎదురుగా ఒక సొరంగంవంటి దారి. అది నడిమి గదులకు పోతుంది. అవి అప్పటికే నిండి ఉన్నవి. రెండు ప్రక్కలా ఉన్న గదులలో చోటున్నది. కాని ఆ సొరంగం మొగను మూసి "ఇటు పొండి" అని ప్రక్కకు త్రిప్పే మనిషి అక్కడ లేడు. 97 మంది ప్రాణాలు పోయినవి. మైదానంలో పోలీసులు లేక కాదు. ఒక్కచోట నలుగురు లేక.

తిరుపతిలో జరిగింది మరొక విధం. టోకెన్లు మరుసటిరోజు తెల్లవారి ఇవ్వవలసి ఉండగా ముందురోజే చేరిన జనాన్ని ఒక పార్కులో కూర్చోబెట్టినారు. లోపల ఎవరికో ఒంట్లో బాగులేదని ఆమెను బయటికి తీయడానికి గేటు తెరిస్తే, టోకెన్లకే తెరిచినారని అందరూ ఒక్కసారి లేచినారు. తెరిచినది మంచిపనికే. ఎందుకు తెరుస్తున్నారో ముందు మైకులో ఒక్కమాట చెప్పి ఉంటే? ఆ మాట చెప్పడం కూడ బందోబస్తే. ఆ మరుసటి వైకుంఠ ఏకాదశికి మొదటి మూడురోజుల టోకెన్లను ఇంటినుండే పేరు నమోదు చేసుకొనే లాటరీ పద్ధతిలో ఇచ్చినారు. జనం బయలుదేరకముందే కట్టడి అని మొదట చెప్పినది ఇదే. పళ్ళికొండ రంగనాథుని సన్నిధిలోనూ వైకుంఠ ఏకాదశి తెల్లవారుజామున పరమపదవాకిలి తెరుస్తారు. తిరుపతి అంత జనం రాకపోవచ్చు. కాని చీకటి, చలి, ఒకే ముహూర్తం, ఒకే వాకిలి అన్నవి అక్కడా ఇక్కడా ఒకటే.

ముహూర్తం అన్న మాట వచ్చింది గనుక ఇది కూడ చెప్పవలె. రాజమహేంద్రవరంలో 2015 జూలై 14 న గోదావరి పుష్కరాల మొదటిరోజున 27 మంది పోయినారు. నది పొడుగునా స్నానఘట్టాలు ఎన్నో ఉన్నా, అందరూ ఒకే రేవులో ఒకే ఘడియకు మునగవలెనని చేరినందువల్ల వచ్చిన ముప్పు అది. కుంభకోణంలో 1992 మహామహం నాడు దాదాపు యాభైమంది పోయినారు. ఆ తరువాత 2004 లోను, 2016 లోను అదే కోనేటిలో అదే మహామహం అటువంటి ఘోరం లేకుండా జరిగింది. పండితులు, పెద్దలు "ఈ పదిరోజులూ స్నానం పుణ్యమే" అని గట్టిగా చెప్పగలిగితే పోలీసుల పని సగం తగ్గుతుంది. ఇది పోలీసులు చెప్పితే ఎవ్వరూ వినరు. మన పురోహితులు చెప్పవలసిన మాట.

మన ప్రాంతపు ఎద్దుల పండుగ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. మధుర దిక్కున జల్లికట్టులో ఎద్దు మూపురం పట్టుకొని వ్రేలాడుతారు. మన వేలూరు జిల్లాలో ఎద్దును వీధిలో వదులుతారు. నిర్ణయించిన దూరాన్ని ఏ ఎద్దు తక్కువ సెకండ్లలో దాటితే దానికి బహుమానం. సంక్రాంతి మొదలు కొన్ని వారాలపాటు ఊరూరా ఇదే సందడి. 2014 మే 7 న సుప్రీంకోర్టు ఈ ఆటలను నిషేధించడం, 2017 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం చట్టం సవరించడం, 2023 మే 18 న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణను సమర్థించడం చదువరులు ఎరిగినదే. ఇప్పుడు కలెక్టరు అనుమతి, పశువైద్యుని పరీక్ష, జనానికీ ఎద్దుకూ నడుమ రెండు వరుసల దడి ఉండవలెనని నియమాలు.

రెండు వరుసలు ఎందుకంటే నడుమ ఖాళీ ఉండవలెనని. ఎద్దు ఒక దడిని గుద్దితే రెండవదానికి తగలరాదు. కాని మేము చూచిన చోట్ల ఆ ఖాళీలోనే కమిటీవారి బావమరదులు, సెల్‌ఫోనుతో వీడియో తీసేవారు, మీసం మొలవని పిల్లలు నిలిచి ఉంటారు. దడికి పెట్టిన డబ్బు వృథా. ఆ ఖాళీని ఖాళీగా ఉంచడానికి ఈల పట్టుకొన్న మనిషి ముప్పై అడుగులకు ఒకడు కావలె. వాడు ఆ ఊరివాడు కారాదు. ఊరివాడైతే మొగమాటం. మరొక సంగతి, పందెపు గీత దాటగానే అందరి కళ్ళూ గడియారం మీద ఉంటవి. ఎద్దుకు మాత్రం పందెం ముగిసినట్టు తెలియదు. అది ఇంకా పరుగెత్తుతూనే ఉంటుంది. గీతకు అవతల దానిని పట్టేచోటు, పొలాల్లోని బావులకు కంచె, రోడ్డుకు కాపలా, ఇవన్నీ పందెపు వీధికి ఎంత అవసరమో అంత అవసరం. పిట్టగోడలమీద, రేకుల కప్పులమీద ఎక్కి చూచేవారిని దించడానికి కూడ ఒకడు ఉండవలె.

కట్టడాలు, యంత్రాల విషయం మేము త్వరగా దాటిపోతాము, ఎందుకంటే అది ఇంజనీర్ల పని. అయినా 2023 జనవరి 22 న అరక్కోణం దగ్గర కీళ్‌వీధి గ్రామంలో అమ్మవారికి మాలలు వేయడానికి మనుషులను వ్రేలాడదీసిన క్రేను పడి నలుగురు పోవడమూ, 2022 ఏప్రిల్ 27 న తంజావూరు దగ్గర కళిమేడులో దేవుని రథానికి హైటెన్షను తీగ తగిలి 11 మంది పోవడమూ మరువరానివి. రథం బయలుదేరేముందు కరెంటువారి లైన్‌మన్ ఒకడు దారి అంతా తలెత్తి చూచుకొంటూ నడవవలె. దీనికి ఖర్చు ఏమున్నది?

ఖర్చు అన్నప్పుడు ఉన్నమాట చెప్పుకోక తప్పదు. మన ఉత్సవ కమిటీల జమాఖర్చులు చూస్తే విద్యుద్దీపాలకు, బాణాసంచాకు, కచేరీకి, ఫ్లెక్సీలకు పద్దులు ఉంటవి. దడికీ, తాగునీటికీ, ప్రథమచికిత్సకూ వేరే పద్దు అరుదు. "అది పోలీసులు చూచుకొంటారు" అని. పోలీసువారు ఏమి చూచుకొంటారు? రాత్రంతా మేలుకొని, మరొక ఊరినుండి లారీలో వచ్చి, ఆ ఊరి సందులు తెలియక, తెల్లవారి ఆరింటినుండి ఎండలో నిలిచిన కానిస్టేబులు మధ్యాహ్నం మూడింటికి ఎంత చురుకుగా ఉంటాడు? వానికి అన్నం, నీళ్ళు, నాలుగు గంటలకొకసారి మార్పు ఇవ్వడం దయ కాదు, బందోబస్తులో భాగం. ఊరి సందులు తెలిసిన కుర్రవాడు ఒకడు ప్రక్కన ఉంటే వాని బలం రెండింతలు అవుతుంది.

అంబులెన్సు విషయం కూడ ఇంతే. 108 బండిని గుడి ఎదుట నిలిపితే చూడడానికి ధైర్యంగా ఉంటుంది. కాని జనం నిండిన తరువాత అది అంగుళం కదలదు. బండి జనం అంచున, మొగం వేలూరు దిక్కుకు త్రిప్పి నిలబడవలె. లోపలినుండి అక్కడికి మనిషిని మోసుకొని రావడానికి డోలీతో నలుగురు కుర్రవాళ్ళు లోపల ఉండవలె. ఏ సందులో నడవవలెనో ముందే అనుకొని, ఆ ఒక్క సందులో ఒక్క అంగడి కూడ పెట్టనీయరాదు. గుడియాత్తంలోనూ పళ్ళికొండలోనూ దెబ్బలు పెద్దవైతే వేలూరికే పోవలె. పళ్ళికొండనుండి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. రహదారి మంచిదే గాని, పండుగ రోజు ఆ రహదారికి చేరడమే కష్టం.

ఇంటివారు చేయగలిగినవి కొన్ని ఉన్నవి. మన అక్కచెల్లెళ్ళకు వీనిని ప్రత్యేకంగా చెప్పుతున్నాము, ఎందుకంటే పిల్లలూ ముసలివారూ వారి చేతిలోనే ఉంటారు. పిల్లల జేబులో పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాసిన కాగితం ఉండవలె. తప్పిపోతే కలుసుకొనే చోటు బయలుదేరేముందే అనుకోవలె. గుడివాకిలి చెప్పరాదు, అక్కడికే అందరూ పోతారు. ఒక అంగడో, బడో, ఇంకొంత దూరాన ఉన్నది చెప్పవలె. మెడలో గొలుసులు ఇంట పెట్టిపొండి. గొలుసు లాగిన దొంగకంటె, "దొంగ, దొంగ" అన్న కేకకు జనం ఒక్కసారి కదలడం ఎక్కువ అపాయం. ఒత్తిడి తెలిసినప్పుడు రెండు చేతులూ రొమ్ముకు ముందు అడ్డంగా పెట్టుకొని ఊపిరికి చోటు ఉంచుకోవలె. అలకు ఎదురు నిలవరాదు. అది తగ్గిన క్షణంలో ఏటవాలుగా ప్రక్కకు జరగవలె. చెప్పు జారితే పోనీయండి, వంగరాదు. బిడ్డను చంకలో కాదు, భుజంమీద ఎత్తుకొనవలె. అన్నిటికంటె మించి, ముందుకు పోయేకొద్దీ కాలు కదపడానికి చోటు తగ్గుతున్నదని తోచిన నిమిషంలో వెనుదిరగవలె. అప్పటికి ఇంకా వీలుంటుంది. పది నిమిషాల తరువాత ఉండదు. అమ్మవారు రాత్రిదాకా ఉంటుంది.

ఇక మనవంటి తెలుగు కుటుంబాలు ప్రత్యేకంగా చేయగల పని ఒకటి మాకు తోస్తున్నది. సిరసు పండుగకు ఆంధ్రదేశంనుండి వచ్చేవారిలో చాలామంది పల్లెవాసులు, తమిళం చదవలేరు. పట్టణపు తమిళంలో మైకు గబగబ చెప్పితే వారికి అర్థం కాదు. "ఈ వాకిలి మూసినాము, ఎడమప్రక్క సందులో పొండి" అన్న మాట వినబడినా తెలియనివాడు మూసిన వాకిలివైపే నడుస్తాడు. వాని వెనుక వంద మంది. రెండు భాషలలో మాట్లాడగలవారు మన ఇళ్ళలో కావలసినంతమంది ఉన్నారు. తమిళం తరువాత వెంటనే అదే మాట తెలుగులో చెప్పడానికి మైకు దగ్గర ఇద్దరు, తప్పిపోయిన పిల్లలను ముసలివారిని కూర్చోబెట్టేచోట నలుగురు ఆడవారు, ఏటి ఒడ్డున ఒక చలివేంద్రం, డోలీకి ఎనిమిదిమంది యువకులు ఉంటే చాలు. స్వంతంగా ఎర్రగుడ్డ చేతికి కట్టుకొని జనంలోకి దిగడం సహాయం కాదు, ఇంకొక అడ్డు. ముందుగా పోలీసువారికి, మునిసిపాలిటీవారికి వ్రాసి, వారు చూపినచోట వారు చెప్పిన వేళకు నిలవవలె. యువకులకు ప్రథమచికిత్స నేర్పడం రెండు ఆదివారాల పని.

దీనికి పేర్లు ఇవ్వదలచినవారు ఉగాది లోపల తెలియజేయవలె. వయస్సు, ఊరితోపాటు, ఆ రోజు ఎన్ని గంటలు నిలవగలరో కూడ వ్రాయండి. ఆరు గంటలకు మించి ఒక్కరికీ పని ఇవ్వబడదు. మైకు దగ్గర నిలిచేవారికి పుస్తకాల తెలుగు అక్కరలేదు, పలమనేరు అవ్వకు అర్థమయ్యే తెలుగు వచ్చి ఉండవలె.